పొద్దుటి జబ్బును పొద్దున్నే చూడాలి

(హనుమకొండలో మెకానిక్‌లు, ఐటీఐ విద్యార్థులు, పాత కార్ల యజమానులు కలిసిన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం అయినా షెడ్డు పని పక్కన పెట్టి వచ్చిన అన్నలకు, ఐటీఐ నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, తమ పాత కారు మీద ప్రేమతో ఇక్కడిదాకా వచ్చిన ఓనర్లకు ముందుగా నా కృతజ్ఞతలు.

ఇవాళ ఒక్క కంప్లయింట్ గురించే మాట్లాడతాను. "పొద్దున సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుతుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆగిపోతుంది. నాలుగు నిమిషాలు రేస్ ఇచ్చి పట్టుకుంటే ఆ తర్వాత రోజంతా ఏ బాధా లేదు." డిసెంబరు, జనవరి నెలల్లో కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పాత ఎంపీఎఫ్ఐ బండి తెచ్చిన ఓనర్ల నుంచి మీరు తరచుగా వినే మాట ఇది. కొందరు స్టార్ట్ అవడానికే చాలాసేపు పడుతోందంటారు. కొందరు ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతోందంటారు. వినడానికి మూడూ ఒకేలా ఉంటాయి కానీ మూడింటికీ కారణాలు వేరు.

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇది. చల్లటి ఇంజిన్‌కు వచ్చే జబ్బును వేడి ఇంజిన్ మీద వెతికితే దొరకదు. పరకాల నుంచో నర్సంపేట నుంచో బండి నడుపుకుంటూ వస్తే, పదకొండు గంటలకు మన షెడ్డు ముందు ఆగేసరికి ఇంజిన్ బాగా వేడెక్కి ఉంటుంది. ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ తిరగడం, బ్రహ్మాండంగా ఉంటుంది. మనం ఇంజిన్‌లోకి గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ బాడీ కడిగి, ప్లగ్గులు మార్చి, సాయంత్రం తాళం చేతికిస్తాం. మర్నాడు ఏడు గంటలకు ఫోన్ వస్తుంది. ఆ పని చేసినవాళ్లకు చేతకాక అలా జరగలేదు, చూడాల్సిన సమయంలో చూడకపోవడం వల్ల జరిగింది. కాబట్టి ఈ కంప్లయింట్‌తో వచ్చిన బండిని ఓనర్‌ను ఒప్పించి రాత్రి షెడ్డులోనే ఉంచుకోండి. పొద్దున మీరు వచ్చేదాకా ఎవరూ సెల్ఫ్ కొట్టకూడదని కుర్రాళ్లకు గట్టిగా చెప్పండి. పక్కకు జరపాలన్నా నెట్టమనండి, స్టార్ట్ చేయనివ్వకండి.

ఎందుకంత పట్టుదల అంటే, చల్లటి ఇంజిన్‌లో జరిగేది వేరే కథ. పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. చలికాలం పొద్దున ఇంజెక్టర్ చిమ్మిన పెట్రోలులో చాలా భాగం ఇన్‌టేక్ గోడల మీద, వాల్వు వెనక భాగం మీద తడిగా పేరుకుంటుంది. అన్నం గిన్నె మూత మీద ఆవిరి బొట్లుగా నిలిచినట్టే ఇదీ. సిలిండర్‌లోకి ఆవిరిగా చేరేది కొంతే. అందుకే ఆ సమయంలో ఎక్కువ పెట్రోలు పోయాలి. మామూలుగా ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి చాలు. చల్లగా ఉన్నప్పుడు ఆ నిష్పత్తితో బండి నిలబడదు, పెట్రోలు పాలు పెంచాల్సిందే. చిక్కటి ఆయిల్ వల్ల ఇంజిన్ బరువుగా తిరుగుతుంది కాబట్టి గాలి కూడా ఎక్కువ కావాలి. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఐడ్లింగ్ 1200 నుంచి 1500 ఆర్పీఎం దాకా ఉండి, వేడెక్కే కొద్దీ 750 నుంచి 900 మధ్యకు దిగుతుంది. కార్బురేటర్ కాలంలో ఈ పనిని చోక్ చేసేది. 1998లో వచ్చిన సాంత్రో, 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐకి మారిన మారుతి 800, ఆ తరం బండ్లన్నిటిలో ఈ లెక్కంతా ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, చేస్తుంది.

ఇంకో విషయం బాగా గుర్తుంచుకోవాలి. సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ సుమారు 300 డిగ్రీలు వేడెక్కితే తప్ప పని చేయదు. అది పని మొదలుపెట్టాక పెట్రోలు ఎక్కువైందా తక్కువైందా అని ఈసీఎంకు చెబుతూ ఉంటుంది, ఈసీఎం సరిచేసుకుంటూ ఉంటుంది. చిన్న ఎయిర్ లీకేజీ ఉన్నా, ఇంజెక్టర్ కొద్దిగా మూసుకుపోయినా ఆ సవరణలో కప్పబడిపోతాయి. పొద్దున మొదటి నిమిషాల్లో ఆ సాయం లేదు. చల్లదనం, గాలి ఒత్తిడి, థ్రాటిల్ స్థానం, బ్యాటరీ ఓల్టేజీ, వీటిని చూసి ఈసీఎం తన మెమరీలో రాసి ఉన్న లెక్క ప్రకారం పెట్రోలు పోస్తుంది, అంతే. అందుకే రోజంతా దాక్కునే లోపాలు ఆ మూడు నాలుగు నిమిషాల్లోనే బయటపడతాయి. ఆ నిమిషాలను మనం వదులుకోకూడదు.

సరే, రాత్రంతా ఆగిన బండి ముందు పొద్దున నిలబడ్డాం. ముందు చేయాల్సింది సెల్ఫ్ కొట్టడం కాదు. ఈసీఎంలోని అంకెలు చదివే స్కానర్ పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా రెండు అంకెలు చూడండి. ఒకటి కూలెంట్ టెంపరేచర్, రెండోది లోపలికి వచ్చే గాలి టెంపరేచర్. రాత్రంతా ఆగిన ఇంజిన్‌లో నీళ్లూ గాలీ ఒకే చలిలో ఉంటాయి. కాబట్టి రెండు అంకెలూ దాదాపు సమానంగా, బయటి చలికి దగ్గరగా ఉండాలి. నాలుగైదు డిగ్రీల తేడా ఉండొచ్చు. అంతకు మించితే ఒక సెన్సర్ అబద్ధం చెబుతోంది. అలాగే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ అంకె కూడా చూసుకోండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అది బయటి వాతావరణ ఒత్తిడినే చూపాలి. మన వరంగల్ ఎత్తుకు 97, 98 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. 85 చూపిస్తోందంటే ఆ బండికి పెట్రోలు లెక్క పునాదిలోనే తప్పింది.

స్కానర్ లేకపోయినా పని ఆగదు. కూలెంట్ సెన్సర్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. ఈ సెన్సర్‌కు చల్లబడే కొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి మూడు వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర మూడు వందల ఓమ్‌లు ఉంటుంది. కంపెనీని బట్టి కొంత మారుతుంది, మాన్యువల్‌లో చూసుకోండి.

ఒక బండి గురించి చెబుతాను, ఈ విషయం దానితో బాగా అర్థమవుతుంది. నాలుగు సిలిండర్ల చిన్న కారు, 2006 మోడల్, ఒక టీచర్‌ది. పొద్దున మూడుసార్లు ఆగిపోయి నాలుగోసారి నిలబడేది. మా దగ్గరకు వచ్చేసరికే ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్, ఐడ్లింగ్‌కు గాలి వదిలే ఐఏసీ వాల్వు అన్నీ కొత్తవి. చెక్ ఇంజిన్ లైట్ వెలగడం లేదు, ఈసీఎంలో లోపం చెప్పే కోడ్ లేదు. రాత్రి ఉంచుకున్నాం. పొద్దున గాలి 16 డిగ్రీలు చూపిస్తే కూలెంట్ 52 చూపించింది. రాత్రంతా చలిలో ఆగిన ఇంజిన్ 52 డిగ్రీలు ఎలా ఉంటుంది? ఈసీఎం మాత్రం ఆ మాటే నమ్మి, గోరువెచ్చని ఇంజిన్‌కు సరిపడా పెట్రోలే పోస్తోంది. సెన్సర్ ఊడదీసి కొలిస్తే బాగానే ఉంది. తప్పంతా కనెక్టర్‌లో ఉంది. రబ్బరు సీల్ చిట్లి, లోపలికి తుప్పు నీళ్లు చేరి, రెండు పిన్నుల మధ్య పచ్చటి చిలుము కట్టింది. కరెంటుకు సెన్సర్ గుండా ఒక దారి, చిలుము గుండా ఇంకో దారి ఏర్పడ్డాయి. చిలుము సుమారు వెయ్యి ఓమ్‌లు ఉందనుకోండి. చలిలో మూడు వేల ఓమ్‌ల సెన్సర్‌కు అది పక్కన చేరితే మొత్తం 750కి పడిపోతుంది, అంటే ఈసీఎంకు 50 డిగ్రీలు దాటినట్టు కనిపిస్తుంది. ఇంజిన్ వేడెక్కాక సెన్సర్ మూడు వందల ఓమ్‌లకు దిగుతుంది, అప్పుడు చిలుము దారి వల్ల వచ్చే తేడా పది డిగ్రీలలోపే. అందుకే మధ్యాహ్నం ఎవరు చూసినా తప్పు కనిపించలేదు. కనెక్టర్ శుభ్రం చేసి సీల్ మార్చాక ఆ బండి మొదటి సెల్ఫ్‌కే నిలబడింది.

కోడ్ ఎందుకు రాలేదని తమ్ముళ్లు అడగాలి. పాత ఈసీఎం సెన్సర్ వైరు తెగిందా, షార్ట్ అయిందా అనే ప్రధానంగా చూస్తుంది. 52 డిగ్రీలు అన్నది సాధ్యమైన అంకే కాబట్టి నమ్మేస్తుంది. పాత మారుతి ఎంపీఎఫ్ఐ బండ్లలో డయాగ్నోసిస్ టెర్మినల్‌ను ఎర్త్ చేస్తే చెక్ ఇంజిన్ లైట్ మెరుస్తూ కోడ్ చెబుతుంది. ఒకసారి మెరిసి, కాస్త ఆగి రెండుసార్లు మెరిస్తే అది 12, ఫాల్ట్ నమోదు కాలేదని అర్థం. ఫాల్ట్ నమోదు కాలేదంటే బండిలో ఫాల్ట్ లేదని కాదు. మన దేశంలో బండి తన లోపాలను తానే పసిగట్టి చెప్పాలనే ఓబీడీ నియమం 2010లో బీఎస్ 4 కాలుష్య ప్రమాణాలతో పాటు హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో మొదలైంది. మన జిల్లాలకు చేరడానికి ఇంకా ఏళ్లు పట్టింది. అంతకు ముందు బండ్లలో కంప్యూటర్ మన తరఫున వెతికి పెట్టేది చాలా తక్కువ. అంకెలు మనమే చదవాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది, బండి హీట్ అవుతుందని థర్మోస్టాట్ వాల్వు తీసి పారేసే అలవాటు పాతుకుపోయింది. దయచేసి ఆ పని మానండి. థర్మోస్టాట్ ఉన్నది ఇంజిన్‌ను త్వరగా వేడెక్కించడానికి. 82 డిగ్రీల దగ్గర అది తెరుచుకుంటుంది, అప్పటిదాకా రేడియేటర్‌లోకి నీళ్లు వెళ్లనివ్వదు. అది తీసేస్తే చలికాలం ఇంజిన్ 55, 60 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని ఈసీఎం ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఐడ్లింగ్ దిగదు, ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, పెట్రోలు రింగుల పక్క నుంచి జారి ఆయిల్‌ను పలుచన చేస్తుంది. ఓనర్ మాత్రం "అన్నా, ఈ బండికి ఐడ్లింగ్ సెట్ కావట్లేదు" అంటాడు. బండి హీట్ అవుతుంటే రేడియేటర్ మూసుకుపోయిందో, ఫ్యాన్ రిలే పోయిందో, వాటర్ పంప్ అరిగిందో చూడాలి. ఎండాకాలం చేసిన అడ్డదారికి చలికాలం మూల్యం కడుతున్నాం.

దీనికి తోడు కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం. మన ఊళ్లలో చాలా బోర్ల నీళ్లకు ఉప్పు ఎక్కువ. కూలెంట్ సెన్సర్ మూతికి తెల్లటి పొర కట్టి, అది వేడిని ఆలస్యంగా పసిగడుతుంది. కొన్ని పాత బండ్లలో ఐడ్లింగ్ పెంచే గాలి దారిని మైనపు వాల్వు నడిపిస్తుంది. ఆ వాల్వు చుట్టూ కూలెంట్ తిరగాలి, మైనం కరిగి వ్యాకోచించి దారి మూసుకోవాలి. నీళ్లు తగ్గి గాలి బుడగ నిలిచిపోతే ఆ వాల్వు వేడెక్కదు, బండి గంటసేపు 1500లోనే తిరుగుతుంది. వాల్వు మార్చే ముందు నీళ్లు నిండుగా పోసి గాలి తీయండి.

ఇప్పుడు సెల్ఫ్ కొడదాం. ఇంజిన్ తిరిగింది, వణుకుతోంది, ఆగిపోయేలా ఉంది. ఈ క్షణంలో రెండు చిన్న పరీక్షలు చేయండి, ఖర్చు లేనివి. ఒకటి, యాక్సిలరేటర్ గోరంత నొక్కండి. వెంటనే ఇంజిన్ మెత్తబడి హాయిగా తిరిగితే దానికి కావాల్సింది గాలి. ఐఏసీ వాల్వు తెరుచుకోవడం లేదు, లేదా థ్రాటిల్ బాడీలో మసి పట్టి దారి సన్నబడింది. రెండు, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, గాలి దారిని అరచేతితో సగం మూయండి. గాలి తగ్గించినప్పుడు ఇంజిన్ బాగుపడితే దానికి పెట్రోలు చాలడం లేదని అర్థం. అప్పుడు పెట్రోలు వైపు, లీకేజీల గుండా దూరే దొంగ గాలి వైపు వెతకాలి. సగం మూయగానే నల్ల పొగ వదిలి చచ్చిపోతే పెట్రోలు ముందే ఎక్కువైంది. ఈ రెండు పరీక్షలూ మొదటి నిమిషంలోనే చేయాలి. ఇంజిన్ వేడెక్కాక చేస్తే వచ్చే జవాబు నమ్మదగ్గది కాదు.

గాలి సంగతి ముందు చూద్దాం. ఐఏసీ వాల్వు కొన్ని బండ్లలో అడుగులేసే స్టెప్పర్ మోటారు, కొన్నిట్లో కాయిళ్లతో తిరిగే రోటరీ రకం. ఏదైనా పని ఒకటే, మూసి ఉన్న థ్రాటిల్ పక్క నుంచి కొంత గాలి వదలడం. ఐడ్లింగ్‌లో ఆ గాలి రంధ్రాన్ని వేలితో మూయండి. ఆర్పీఎం పడిపోతే వాల్వు తెరిచే ఉంది. ఏ మార్పూ లేకపోతే అది అంతకు ముందే మూసుకుపోయి ఉంది. మసి ఎక్కువైతే క్లీనర్‌తో కడగొచ్చు కానీ, స్టెప్పర్ మోటారు లోపలికి క్లీనర్ కొట్టకండి, గ్రీజు కరిగిపోతుంది. మేకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో థ్రాటిల్ అంచును గీకకండి. బట్టకు క్లీనర్ అద్ది తుడవండి. కడిగాక ఐడ్లింగ్ కాస్త ఎక్కువగా ఉంటే కంగారు పడొద్దు. మసి ఉన్న రోజుల్లో వాల్వును ఎంత తెరవాలో ఈసీఎం నేర్చుకుని ఉంటుంది, ఆ లెక్క మార్చుకోవడానికి దానికి కొంత సమయం ఇవ్వాలి. ఈసీఎంకు ఇలా కొత్తగా నేర్పించే ఐడిల్ లెర్నింగ్ పద్ధతి కంపెనీ కంపెనీకీ వేరు.

భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము ఎక్కువ, ఆదిలాబాద్ నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్ దాకా పత్తి సీజన్‌లో గాలిలో దూది తేలుతూ ఉంటుంది. అక్కడ తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే మార్చండి.

థ్రాటిల్ స్టాప్ స్క్రూ జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. కార్బురేటర్ మీద పని నేర్చుకున్న పెద్దలకు ఐడ్లింగ్ పడిపోగానే చెయ్యి స్క్రూ మీదికే వెళ్తుంది. కార్బురేటర్‌కు అది సరైన వైద్యం. ఎంపీఎఫ్ఐలో ఆ స్క్రూ తిప్పితే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు, థ్రాటిల్ ఎంత తెరిచి ఉందో చూసే టీపీఎస్ సెన్సర్ "కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది" అని చెబుతుంది. ఈసీఎం ఐడ్లింగ్ నియంత్రణ వదిలేస్తుంది. ఆ పూటకు బండి నిలబడొచ్చు కానీ ఆ తర్వాత ఆ బండి ఎవరి చేతికి వచ్చినా అసలు జబ్బు దొరకదు. స్క్రూ మీద ఫ్యాక్టరీ పెయింటు చెదిరి ఉంటే, ముందు టీపీఎస్ ఓల్టేజీ మాన్యువల్ ప్రకారం సరిచేసి, ఆ తర్వాతే మిగతా పని మొదలుపెట్టండి.

దొంగ గాలి విషయంలో ఒక తేడా బాగా తెలుసుకోవాలి. యూట్యూబ్ వీడియోల్లో ఎయిర్ లీకేజీ ఉంటే మిక్స్చర్ పలుచనై బండి ఆగిపోతుందని చెబుతారు. ఎయిర్ ఫ్లో మీటర్ ఉన్న బండ్లకు అది నిజం, మీటర్ దాటాక దూరిన గాలి లెక్కలోకి రాదు కాబట్టి. మన దగ్గర తిరిగే పాత చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఉండేది మ్యాప్ సెన్సర్. అది మానిఫోల్డ్, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల, లోపలి ఒత్తిడి కొలుస్తుంది. గాలి ఎక్కడి నుంచి దూరినా ఒత్తిడి పెరుగుతుంది, ఈసీఎం దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది, ఆర్పీఎం పెరుగుతుంది. థ్రాటిల్ మూసి ఉన్నా ఆర్పీఎం హద్దు దాటితే ఈసీఎం పెట్రోలు కట్ చేస్తుంది, ఆర్పీఎం దబ్బున పడుతుంది, మళ్లీ పెట్రోలు వస్తుంది, మళ్లీ లేస్తుంది. ఓనర్లు ముల్లు ఊగుతోందని చెప్పే హంటింగ్‌కు చాలాసార్లు మూలం ఇదే. వేడి ఇంజిన్‌పై ఐడ్లింగ్‌లో మ్యాప్ 30 నుంచి 40 కిలోపాస్కల్ మధ్య ఉండాలి, 50 దాటిందంటే ముందు గొట్టాలు చూడండి. మ్యాప్ సెన్సర్‌కు వెళ్లే సన్న గొట్టమే చిట్లితే కథ వేరు, ఒత్తిడి తప్పుగా ఎక్కువ కనిపించి పెట్రోలు పొంగుతుంది, నల్ల పొగ వస్తుంది.

మన ఎండలకు రబ్బరు గొట్టాలు గట్టిపడి బీటలు వారుతాయి. చలికి రబ్బరూ గ్యాస్కెట్టూ కుంచించుకుని ఆ సందు తెరుచుకుంటుంది, వేడికి మూసుకుంటుంది. కాబట్టి లీకేజీ కూడా పొద్దున్నే వెతకాలి. మానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచున, బ్రేక్ బూస్టర్ గొట్టం దగ్గర, ఇంజిన్ లోపలి ఆవిర్లను మానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ వాల్వు దగ్గర సన్నగా నీళ్లు స్ప్రే చేస్తూ ఆర్పీఎం గమనించండి. చాలామంది కార్బ్ క్లీనర్ కొడతారు, అది నిప్పు అంటుకునే పదార్థం, పక్కనే స్పార్క్ వైర్లు ఉంటాయి. నీళ్లతో పని జరిగినప్పుడు ఆ ప్రమాదం ఎందుకు? ఇంజిన్ ఎలక్ట్రికల్ కనెక్టర్ల మీద మాత్రం పడనివ్వకండి.

ఇక పెట్రోలు. ఎక్కువసేపు సెల్ఫ్ కొడితే గానీ స్టార్ట్ కాని బండికి ఒక పరీక్ష చేయండి. ఇగ్నిషన్ ఆన్ చేసి, పంపు మోత ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఆగి, ఆఫ్ చేయండి. అలా మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే రాత్రి పైపులో పెట్రోలు ప్రెషర్ జారిపోతోందని తేలినట్టే. పంపులోని చెక్ వాల్వు పట్టు తప్పి ఉండొచ్చు, ప్రెషర్ రెగ్యులేటర్ డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు, ఇంజెక్టర్ కారుతూ ఉండొచ్చు. రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం పీకి వాసన చూడండి, అందులో పెట్రోలు తడి ఉంటే దోషి అదే. ఇంజెక్టర్ కారితే పొద్దున స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారి నల్ల పొగ వస్తుంది, ఆ సిలిండర్ ప్లగ్గు మాత్రమే తడిగా ఉంటుంది. ఆ తరం బండ్లలో ప్రెషర్ సాధారణంగా రెండున్నర నుంచి మూడు బార్ ఉంటుంది. గేజి పెట్టి, ఇంజిన్ ఆపాక ఎంతసేపు నిలుస్తుందో చూడండి.

గ్యాస్ కిట్ పెట్టించిన బండ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. వీటికి పొద్దుటి జబ్బు ఎక్కువ రావడానికి కారణం ఉంది. పొద్దున కిలోమీటరు దూరమే పెట్రోలు మీద నడిచి గ్యాస్‌కు మారుతాయి. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి అడుగున పడి ఉంటుంది, ఇంజెక్టర్ల మూతుల్లో జిగురు కడుతుంది. పైగా కిట్ బిగించినప్పుడు మానిఫోల్డ్‌కు వేసిన రంధ్రాల దగ్గర గాలి దూరుతుంది. వాల్వు సీట్లు అరిగి ట్యాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వుకూ దాన్ని తోసే భాగానికీ మధ్య సందు, తగ్గుతుంది, కంప్రెషన్ పడుతుంది. ఇలాంటి బండికి ముందు ట్యాపెట్ చూసి, కంప్రెషన్ కొలిచి, ఆ తర్వాతే సెన్సర్ల వైపు వెళ్లండి. గ్యాస్ బండి ఓనర్లు ఇక్కడ ఉంటే వారానికి ఒకరోజైనా పెట్రోలు మీద నడపండి, ట్యాంకులో తాజా పెట్రోలు ఉంచండి.

ఈ మధ్య అందరూ అడుగుతున్న ఇథనాల్ గురించి కూడా చెబుతాను. 2022 నాటికి పెట్రోలులో పది శాతం, 2025 నాటికి ఇరవై శాతం ఇథనాల్ కలపడం దేశమంతా అమల్లోకి వచ్చింది. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు, ఒక పాలుకు తొమ్మిది పాళ్లు. ఇరవై శాతం కలిపాక ఆ 14.7 అంకె 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అదే పనికి పెట్రోలు ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ పోయాలి. ఇంజిన్ వేడెక్కాక ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీఎం సర్దుకుంటుంది. పొద్దున ఆ సాయం లేదు, ఈసీఎం మెమరీలో ఉన్నది పాత పెట్రోలు లెక్క. దానికి తోడు ఇథనాల్ ఆవిరవడానికి పెట్రోలు కంటే రెట్టింపును మించిన వేడి తీసుకుంటుంది. మన వరంగల్ చలికి ఇథనాల్ ఒక్కటే బండిని ఆపేస్తుందని నేను అనుకోను. ఇంజెక్టర్లు, గొట్టాలు, ప్లగ్గులు బాగున్న బండ్లు నడుస్తూనే ఉన్నాయి. కానీ ఇదివరకే కొంచెం పలుచగా నడుస్తున్న బండి ఈ దెబ్బకు అంచు దాటి పడిపోతుంది. "నిరుడు బాగానే ఉందే" అని ఓనర్ అంటే అతని మాట నిజమే అయ్యుండొచ్చు. ఆదిలాబాద్ వైపు రాత్రి చలి పది డిగ్రీల కిందికి పోతుంది కాబట్టి అక్కడ ఇది ఇంకా ముందు బయటపడుతుంది. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలను ఇథనాల్ మెత్తబరుస్తుంది, వాటిని ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చేయండి. నెలల తరబడి ఆపి ఉంచిన బండి ట్యాంకులో నీళ్లు దిగాయేమో చూడండి, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

కరెంటు వైపు క్లుప్తంగా చెబుతాను. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ ఓల్టేజీ తొమ్మిదిన్నర కంటే కిందికి పడితే ఈసీఎం తికమక పడుతుంది, ఇంజెక్టర్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. బ్యాటరీ బాగున్నా ఎర్త్ స్ట్రాప్ తుప్పు పడితే ఫలితం అదే. మల్టీమీటర్ తీగల్లో ఒకటి బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి ఇంజిన్ బాడీకి పెట్టి సెల్ఫ్ కొట్టండి. అర ఓల్టు దాటి చూపిస్తే ఎర్త్ విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగించండి. వరి కోతల తర్వాత పొలాల్లోని ఎలుకలు ఇళ్లవైపు వస్తాయి, ఇంజిన్ వెచ్చదనానికి బానెట్ కింద చేరతాయి. సెన్సర్ వైర్లు కొరకడమే కాదు, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూళ్లు కూడా కడతాయి. ఊళ్ల నుంచి వచ్చిన బండికి ముందు ఆ డబ్బా తెరిచి చూడండి.

(సభలో ఒక మెకానిక్: "అన్నా, రాత్రి ఉంచమంటే ఓనర్లు ఒప్పుకోరు. సాయంత్రానికి ఇచ్చేయమంటారు. ఏం చెప్పాలి?")

మంచి ప్రశ్న. ముందు ఖర్చు లెక్క చెప్పండి. "సాయంత్రానికి ఇవ్వాలంటే అనుమానం మీద సామాన్లు మార్చాలి, దానికి ఇంత. రాత్రి ఉంచితే పొద్దున చూసి ఏది పోయిందో అదే మారుస్తాను, చూసినందుకు ఇంత." చూసినందుకు డబ్బు అడగడానికి మనం మొహమాటపడతాం. అవసరం లేదు. లోపం ఏదో కనిపెట్టడమే అసలు పని, దానికి కూలి తీసుకోవడం న్యాయం. అసలు కుదరకపోతే పొద్దున ఆరింటికి మీరే వాళ్ల ఇంటికి వెళ్లండి. లేదా స్టార్ట్ చేసేటప్పుడు మీటర్ కనపడేలా, సైలెన్సర్ పొగ కనపడేలా వీడియో తీసి పంపమనండి. ఎన్ని సెకన్లకు అందుకుంది, ఎంత ఆర్పీఎంకు లేచింది, పొగ రంగేంటి, ఏసీ వేస్తే ఏమైంది, వీడియోలో సగం సమాచారం ఉంటుంది.

(ఒక ఐటీఐ విద్యార్థిని: "సార్, కొత్తగా షెడ్డు పెట్టుకుంటే ముందు ఏ పరికరాలు కొనాలి?")

అమ్మా, ముందు మంచి మల్టీమీటర్ కొను, చౌకది వద్దు. తర్వాత పెట్రోలు ప్రెషర్ గేజి, దానికి రకరకాల అడాప్టర్లు. ఒక వాక్యూమ్ గేజి, ఒక కంప్రెషన్ గేజి. గోడకు మామూలు థర్మామీటర్ తగిలించు, పొద్దున సెన్సర్ అంకెను దానితోనే సరిచూడాలి. స్కానర్ ఆ తర్వాత. అది కూడా 2010కి ముందు మోడళ్లతో మాట్లాడగలదా అని అడిగి, నీ కళ్ల ముందు పాత బండికి పెట్టి చూపించమని చెప్పి కొను. ఆ తరం బండ్లకు కనెక్టర్లు వేరు, భాష వేరు. ఓబీడీ పోర్టుకు పెట్టే చిన్న బ్లూటూత్ డబ్బాలు వాటిలో చాలా వాటికి పని చేయవు. కొన్న రోజు నుంచి ఒక నోటుబుక్ పెట్టుకో. బాగున్న బండి ఏది వచ్చినా, ఆయిల్ మార్చడానికి వచ్చినా సరే, మోడల్, కూలెంట్ టెంపరేచర్, మ్యాప్, ఐడ్లింగ్ ఆర్పీఎం, ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుంటోంది, అన్నీ రాసుకో. అదే మోడల్ జబ్బుతో వచ్చిన రోజు నీ అంకెలు పక్కన పెట్టి చూసుకోవచ్చు.